మే నెలలో కొలిచిన నీడ

(వనస్థలిపురంలోని ఒక కాలనీ కమ్యూనిటీ హాల్లో డిసెంబరు ఆఖరి ఆదివారం ఉదయం, ఇంటి మీద సోలార్ ప్యానెళ్లు పెట్టుకోవడం గురించి చేసిన ప్రసంగం. మధ్యలో వచ్చిన ప్రశ్నలతో సహా, మాట్లాడింది మాట్లాడినట్టే రాసుకున్నాం.)

అందరికీ నమస్కారం. కిటికీ పక్కన ఎండలో కూర్చున్నవాళ్లు అక్కడే ఉండండి, చలిగా ఉంది. మైకు అక్కర్లేదనుకుంటా. ముప్పై ఏళ్లు పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ పాఠాలు వెనక బెంచీకి వినపడేలా చెప్పిన గొంతు ఇది.

లోపలికి వచ్చేముందు ఈ హాలు మేడ మీదికి ఒకసారి వెళ్లొచ్చాను. అప్పుడు తొమ్మిదింబావు అయింది. ఈ బిల్డింగు మెట్ల గది స్లాబు మీద నుంచి పదడుగుల ఎత్తుంటుంది. దాని నీడ కొస ఎక్కడ పడిందో అక్కడ సుద్దముక్కతో ఒక గీత గీసి, టేపు పెట్టి కొలిచాను. పదిహేడు అడుగులు. ఆ గీత సంగతి తర్వాత చెప్తాను.

సెక్రటరీ గారు నాకు ఫోన్ చేసి, "సార్, ఏ కంపెనీ ప్యానెల్ మంచిదో చెప్పండి చాలు, కాలనీలో అందరూ అదే అడుగుతున్నారు" అన్నారు. కంపెనీ పేరు నేను చెప్పను. దాచుకోవాలని కాదండీ, అది ఆఖర్న అడగాల్సిన ప్రశ్న. ముందు మీ మేడ చూసుకోవాలి, తర్వాత మీ కరెంటు బిల్లు, ఆ తర్వాతే ప్యానెల్. మనవాళ్లు చేసేది తలకిందులు. గుమ్మం కొలవకుండా బీరువా కొనుక్కొచ్చి, వీధిలో పెట్టుకుని ఆలోచిస్తారు. నేనూ అదే చేశాను కాబట్టి ధైర్యంగా చెప్తున్నాను.

మా ఇంటి మీద మూడు కిలోవాట్లు పెట్టించాను. ఆరు ప్యానెళ్లు. వెండర్ తరఫున ఒక కుర్రాడు సర్వేకి వచ్చాడు, మే నెల రెండో వారంలో, మిట్టమధ్యాహ్నం. పాపం చెమటలు కక్కుతూ మేడంతా తిరిగాడు. "సార్, మీ మేడ సూపర్. ఎక్కడా నీడే లేదు" అన్నాడు. నేనూ చూశాను, నిజంగానే ఎక్కడా నీడ లేదు. మజ్జిగ ఇచ్చి పంపాం. ఇద్దరం కలిసి సంతకాలు పెట్టిన తప్పు అది.

ఎందుకో చెప్తాను. హైదరాబాద్ భూమధ్యరేఖకి ఉత్తరాన పదిహేడున్నర డిగ్రీల దగ్గరుంది. కర్కట రేఖకి లోపలన్న మాట. అందుకని సూర్యుడు ఏడాదికి రెండుసార్లు సరిగ్గా మన నడినెత్తి మీదికొస్తాడు. 2023లో మే 9న, మళ్లీ ఆగస్టు 3న వచ్చాడు. నిటారుగా నిలబెట్టిన కర్రకి కూడా ఆ మధ్యాహ్నం నీడ ఉండదని పేపర్లలో రాశారు, పిల్లలు బయటికొచ్చి సీసాలు నిలబెట్టి చూశారు, గుర్తుందా? ఏటా దాదాపు ఆ తేదీల్లోనే జరుగుతుంది. ఢిల్లీ వాళ్లకి ఈ ముచ్చట ఎప్పుడూ ఉండదు. మరి ఏడాది మొత్తంలో అస్సలు నీడే ఉండని వారంలో, నీడ ఉండని పూట, మావాడు నీడ కొలిచాడు.

డిసెంబరు వచ్చింది. పొద్దున పూట కరెంటు తయారవడం సగానికి పడిపోయింది. ఫోన్‌లో యాప్ చూస్తే గీత పదిన్నర దాకా నేల మీద పాకి, తర్వాత ఒక్కసారిగా లేస్తోంది. ప్యానెల్ పోయిందనుకున్నాను. ప్యానెళ్ల కరెంటుని ఇంటి కరెంటుగా మార్చే ఇన్వర్టర్ పోయిందనుకున్నాను. కంప్లయింట్ ఇచ్చాను, ఎవరూ రాలేదు. చివరికి ఒకరోజు మా ఆవిడ బట్టలారేయడానికి పైకెళ్లి, కిందికొచ్చి, "మీ రెండు ప్యానెళ్లు ఇంకా నిద్ర లేవలేదు, మెట్ల గది నీడలో ఉన్నాయి" అంది. ఇంట్లో ఎలక్ట్రికల్ లెక్చరర్ ఎవరో అర్థం కాలేదు నాకు. (నవ్వులు)

శీతాకాలంలో సూర్యుడు దక్షిణం వైపు జారిపోతాడు. డిసెంబరు మధ్యాహ్నం కూడా మన ఊళ్లో నలభై తొమ్మిది డిగ్రీల ఎత్తు దాకానే ఎక్కుతాడు. పొద్దున తొమ్మిదింబావుకైతే ముప్పై డిగ్రీలే. అందుకే పదడుగుల గదికి పదిహేడు అడుగుల నీడ, అదీ వాయవ్యం వైపు. మా ప్యానెళ్లు సరిగ్గా మెట్ల గదికి వాయవ్యంలోనే ఉన్నాయి. వాటర్ ట్యాంకు, పక్కింటి కొబ్బరిచెట్టు, డిష్ యాంటెన్నా, పిట్టగోడ... మీ ప్యానెళ్లకి దక్షిణం వైపు, ఆగ్నేయం నైరుతి మూలల్లో ఏముందో చూసుకోండి. ఉత్తరం వైపు ఉన్న గోడతో పెద్దగా పేచీ లేదు. సర్వే ఏ నెలలో జరిగినా, లెక్క మాత్రం డిసెంబరు 21 నీడకి వేయమని అడగండి. సాఫ్ట్‌వేర్‌లో రెండు నిమిషాల పని. వేయకపోతే ఆ వెండర్‌ని మార్చుకోండి.

దక్షిణం పక్క ప్లాటు ఖాళీగా ఉందా? అక్కడ రేపు స్టిల్టు మీద నాలుగంతస్తులు లేస్తాయని అనుకునే ప్యానెళ్లు ఎక్కడ పెట్టాలో తేల్చుకోండి. హైదరాబాద్‌లో ఖాళీ ప్లాటు ఖాళీగా ఎన్నాళ్లుంటుంది?

"రెండు ప్యానెళ్ల మీద నీడ పడితే రెండిటి కరెంటే కదా పోవాలి, సగం ఎందుకు పోయింది?" అని ఎవరో అడుగుతున్నారు. మంచి ప్రశ్న. స్లాబు వేసే రోజు కూలీలు వరసగా నిలబడి కాంక్రీటు తట్టలు చేతులు మారుస్తూ పైకి అందిస్తారు చూడండి. వరసలో ఒక్కడు నెమ్మదిస్తే పైనున్నవాడు ఎంత బలవంతుడైనా ఏం లాభం? ప్యానెళ్లని కూడా అలా వరసగానే కలుపుతారు, దాన్ని స్ట్రింగ్ అంటారు. ఒకే కరెంటు అన్నిటిలోంచీ పోవాలి. నెమ్మదించిన వాణ్ణి పక్కకి తప్పించడానికి ప్యానెల్ వెనక పెట్టెలో మామూలుగా మూడు బైపాస్ డయోడ్లు ఉంటాయి. అవి కొంత కాపాడతాయి. కానీ ఆరు ప్యానెళ్ల చిన్న స్ట్రింగ్‌లో రెండు తప్పుకుంటే వోల్టేజీ బాగా దిగిపోతుంది, నా ఇన్వర్టర్ దాంతో తంటాలు పడింది. నీడ తప్పదనుకున్న మేడలకి ప్యానెల్‌కో మైక్రో ఇన్వర్టర్ పెట్టే పద్ధతి ఉంది. ఎవరి తట్ట వాళ్లే మోసుకుపోతారు. ఖర్చు ఎక్కువ. ప్యానెళ్ల చోటు మార్చితే తీరే నీడకి ఆ ఖర్చు దండగ. నేను రెండు ప్యానెళ్లనీ పడమర అంచుకి జరిపించాను. కూలీ, కొత్త వైరు నా జేబులోంచే.

ఇక ఎండ. మనది ఎండల ఊరు, సోలార్‌కి తిరుగులేదు అనుకుంటారు. ప్యానెల్‌కి కావలసింది వెలుతురు. వేడి దానికి పడదు. ప్యానెల్ మీద 540 వాట్లు అని రాసి ఉంటుంది కదా, ఆ లెక్క ప్యానెల్ లోపలి సెల్ 25 డిగ్రీల దగ్గర ఉన్నప్పటిది. మే నెల మధ్యాహ్నం బయట 42 ఉంటే, ఎండకి కాగిన ప్యానెల్ 65 దాకా పోతుంది. చెయ్యి పెట్టి చూడకండి. మోనో పెర్క్ అనే మామూలు రకం ప్యానెల్‌కి ప్రతి డిగ్రీకీ వచ్చే కరెంటు సుమారు 0.35 శాతం తగ్గుతుంది. నలభై డిగ్రీలు ఎక్కువైతే 14 శాతం. 540 కాస్తా 465 దగ్గరికి దిగుతుంది. ఫిబ్రవరి మార్చిలో ఆకాశం తేటగా, గాలి చల్లగా ఉన్న రోజు నా యాప్‌లో వచ్చినన్ని యూనిట్లు మే నెల మంట రోజున రావు. మొదటి ఏడాది ఇది చూసి, పాఠం చెప్పినవాణ్ణే అయినా, ఒక క్షణం కంగారు పడ్డాను.

టాప్‌కాన్ అనే ఇంకో రకం ప్యానెళ్లకి ఈ నష్టం డిగ్రీకి 0.30 శాతం చుట్టుపక్కల ఉంటుంది. అంటే అదే 65 డిగ్రీల దగ్గర 12 శాతం పోతుంది. రెండు శాతం తేడా. వెండర్ ఆ రెండు శాతాన్ని చూపించి ఎంత అడుగుతున్నాడో చూడండి. కొద్దిగా ఎక్కువైతే తీసుకోండి, నేనైనా అదే తీసుకుంటాను. నలభై వేలు ఎక్కువంటే మాత్రం నవ్వి ఊరుకోండి. వేడి తగ్గించడానికి అంతకంటే చవకైన మార్గం గాలి. ప్యానెల్ కింద గాలి ఆడాలి. రేకుల షెడ్డుకి అంటుకునేలా బిగిస్తే అది పెనం మీద పెనం.

వాలు గురించి ఒక్క మాట. దక్షిణం వైపు పది నుంచి పదిహేను డిగ్రీలు చాలు. సూర్యుడు మనకి నెత్తి మీదే తిరుగుతాడు కాబట్టి తూర్పు పడమరలకి పెట్టినా కొంపేమీ మునగదు, కాస్త తగ్గుతుందంతే. మరీ చాప పరిచినట్టు చదునుగా పెడితే వాన నీళ్లు కిందికి జారవు, అంచున మట్టి పేరుకుంటుంది.

ఎన్ని కిలోవాట్లు? "మూడు గదుల ఇల్లు, ఎంత పెట్టాలి?" అని అడుగుతారు. గదులతో పని లేదమ్మా. పన్నెండు నెలల కరెంటు బిల్లులు తీయండి. యూనిట్లన్నీ కూడండి. వచ్చిన దాన్ని 1,400తో భాగించండి. మన ఊళ్లో ఒక కిలోవాట్ ఏడాదికి ఇచ్చేది ఇంచుమించు అంతే. రోజుకి సగటున నాలుగు యూనిట్లు. జులై ఆగస్టు ముసురులో రెండే రావచ్చు. ఏడాదికి 4,200 యూనిట్లు కాల్చే ఇంటికి మూడు కిలోవాట్లు సరిపోతాయి. చోటు, కిలోవాట్‌కి వంద చదరపు అడుగులు అనుకోండి.

ఇప్పుడు అసలు డబ్బు ఎక్కడ మిగులుతుందో చూద్దాం. నెలకి 450 యూనిట్లు కాలే ఇల్లు. మన డిస్కమ్, అంటే కరెంటు పంపిణీ కంపెనీ, శ్లాబుల్లో నెలకి 200 దాటిన ఇళ్లకి మొదటి 200కి యూనిట్ 5 రూపాయల 10 పైసలు, తర్వాతి వందకి 7.70, ఆ తర్వాతి వందకి 9, ఆ పైన 800 దాకా 9.50. లెక్కేస్తే ఎనర్జీ చార్జీ 3,165 రూపాయలు. మూడు కిలోవాట్లు నెలకి 360 యూనిట్లు ఇస్తే మిగిలేది 90 యూనిట్లు. అది వంద లోపు శ్లాబు, అక్కడ మొదటి యాభైకి 1.95, తర్వాత 3.10. మొత్తం 222 రూపాయలు. ఫిక్స్‌డ్ చార్జీలు వేరే అనుకోండి. చూశారా, సోలార్ మీ బిల్లుని పైనుంచి కొరుక్కుంటూ వస్తుంది, ఖరీదైన యూనిట్లని ముందు తినేస్తుంది. ఈ ఇంటికి ఐదు కిలోవాట్లు పెడితే ఆ మిగతా రెండూ తినేది రెండు మూడు రూపాయల యూనిట్లని. అవీ అయిపోయాక మిగిలింది డిస్కమ్‌కి పోతుంది, దానికి వాళ్లిచ్చే ధర మనం కట్టే ధరకి దరిదాపుల్లో ఉండదు. పైగా కేంద్రం ఇచ్చే పీఎం సూర్యఘర్ సబ్సిడీ మొదటి రెండు కిలోవాట్లకి ముప్పై వేల చొప్పున, మూడోదానికి 18 వేలు. మొత్తం 78 వేలు. ఆ పైన పది కిలోవాట్లు పెట్టుకున్నా అదే 78 వేలు. "సార్, మేడ మీద చోటుంది, పెద్దది పెట్టేద్దాం" అనే వెండర్ మీ మేడని చూస్తున్నాడు, మీ బిల్లుని చూడట్లేదు. కారు కరెంటుది కొంటున్నారా, గ్యాస్ మానేసి ఇండక్షన్‌కి మారుతున్నారా, అప్పుడు పెద్దది పెట్టండి.

ఇంకొకటి. తెల్ల రేషన్ కార్డు ఉండి, నెలకి 200 యూనిట్ల లోపు కాల్చే ఇళ్లకి గృహజ్యోతి కింద బిల్లు సున్నా వస్తోంది. సున్నాలోంచి ఏం తగ్గిస్తారు? అలాంటివాళ్లకి కూడా అప్పు ఇప్పించి అంటగడుతున్నారని విన్నాను. మీ ఇంట్లో పనిచేసేవాళ్లకి, వాచ్‌మన్‌కి ఈ ముక్క చెప్పండి.

(ఒక మహిళ: అంకుల్, మాది అపార్ట్‌మెంట్. మేడ అందరిదీ. మేమేం చేయాలి?)

మీ ఫ్లాట్ సంగతి పక్కన పెట్టమ్మా, ముందు లిఫ్టు, మోటారు, కారిడార్ లైట్లు నడిచే అసోసియేషన్ మీటరు చూడండి. ఆ ఉమ్మడి మీటరుకి సోలార్ పెట్టుకుంటే కిలోవాట్‌కి 18 వేల సబ్సిడీ ఉంది. మోటారు పగలు వేసే అలవాటు చేస్తే ఇంకా మేలు. ఎవరి ఫ్లాట్‌కి ఎన్ని ప్యానెళ్లు అనే పంచాయితీ ఉండదు, మెయింటెనెన్స్ అందరికీ తగ్గుతుంది.

కరెంటు పోతే సోలార్ ఆడుతుంది కదా అని ఎంతమంది అనుకుంటున్నారు? చేతులెత్తండి. చాలామందే. ఆడదు. మళ్లీ చెప్తున్నా, వీధి కరెంటు లైనుకి కలిపిన మామూలు గ్రిడ్ సోలార్, కరెంటు పోయిన మరుక్షణం ఆగిపోతుంది. ఏప్రిల్‌లో ఒకరోజు గాలివాన వచ్చి వెలిసింది, మధ్యాహ్నం రెండింటికి ఎండ పేలిపోతోంది, మా వీధిలో స్తంభం వంగి కరెంటు లేదు. సోలార్ లేని పక్కింట్లో పాత ఇన్వర్టర్ మీద ఫ్యాన్ తిరుగుతోంది, మేడ మీద రెండు లక్షలు పోసిన మేము విసనకర్ర వెతుక్కుంటున్నాం. సోలార్ ఉందన్న ధీమాతో నా పాత బ్యాటరీ అమ్మేశాను మరి! ఇది లోపం కాదండీ, కావాలనే అలా చేస్తారు. లైన్‌మన్ కరెంటు లేదనుకుని స్తంభం ఎక్కి తీగ పట్టుకుంటాడు. మన మేడ మీద నుంచి కరెంటు ఎదురొస్తే అతని ప్రాణం పోతుంది.

పగలు కరెంటు పోయినా ఆడాలంటే హైబ్రిడ్ ఇన్వర్టరూ బ్యాటరీ కావాలి. నా మటుకు నేను ఊళ్లోపల ఉన్నవాళ్లకి అది చెప్పను. కోతలు తక్కువ, ఖర్చు ఎక్కువ. పాత ఇన్వర్టర్ని ఫ్యాన్లకీ లైట్లకీ అలాగే ఉంచుకోండి, నాలాగా అమ్ముకోకండి. బ్యాటరీని మాత్రం మెట్ల గదిలో రేకు కింద పెట్టకండి. లెడ్ యాసిడ్ బ్యాటరీకి పది డిగ్రీల వేడి పెరిగితే ఆయుష్షు సగం అవుతుంది. ఇంట్లో చల్లటి మూల దానికివ్వండి.

ప్యానెళ్లని మోసే ఇనుప స్ట్రక్చర్ దగ్గర పొదుపు చేయొద్దు. హైదరాబాద్‌కి భారతీయ ప్రమాణాల్లో చెప్పిన గాలి వేగం సెకనుకి 44 మీటర్లు, అంటే గంటకి 158 కిలోమీటర్లు. ఆ గాలికి నిలబడేలా డిజైన్ చేశారా అని అడగండి. స్లాబుకి తూట్లు పొడిచి బోల్టులు దించితే వానాకాలం పడగ్గదిలో బకెట్లు పెట్టుకోవాలి, కాంక్రీటు దిమ్మెలు కట్టించండి. ఇనుము వేడి జింకులో ముంచిన జీఐ కావాలి, కోసిన చోటల్లా జింకు పెయింటు వేయించాలి. ఎనిమిది అడుగుల ఎత్తున లేపితే కింద కుర్చీలు వేసుకోవచ్చు, బట్టలారేసుకోవచ్చు. వడియాలు మాత్రం కుదరదు. ఆ ఎండని ఆల్రెడీ కరెంటు వాళ్లకి అమ్మేసుకున్నాం. (నవ్వులు) ఎర్తింగ్ గుంతలు మూడు, పిడుగు కడ్డీకి దాని గుంత దానికే ఉండాలి.

కాగితాల పనిలో ఎక్కువమంది ఇరుక్కునేది పేరు దగ్గర. కరెంటు సర్వీసు ఇంకా నాన్నగారి పేరునో, ఇల్లు అమ్మినాయన పేరునో ఉంటుంది. అప్లికేషన్ ఆ పేరు మీదే నడుస్తుంది. ముందు పేరు మార్పించుకోండి. సబ్సిడీ కావాలంటే ప్యానెల్‌లో సెల్ కూడా మన దేశంలో తయారైందే ఉండాలి, డీసీఆర్ అంటారు. కొటేషన్‌లో ఆ మాట రాయించండి. ప్యానెళ్ల సీరియల్ నంబర్లు బిల్లు మీద ఉండాలి. మనం వాడిన కరెంటునీ, బయటికి పంపినదాన్నీ లెక్కగట్టే నెట్ మీటర్ తిరగడం మొదలయ్యే దాకా కొంత డబ్బు మీ చేతిలో ఉంచుకోండి. నేను ముందే మొత్తం ఇచ్చేశాను, అందుకే డిసెంబరులో ఎవరూ రాలేదు.

(ఒక పెద్దాయన: కడగడానికి మనిషిని పెట్టాలా సార్?)

అక్కర్లేదండీ, పది పదిహేను రోజులకోసారి పొద్దున్నే ఎండ రాకముందు నీళ్లు చల్లి మెత్తటి గుడ్డతో తుడిస్తే చాలు. కాగిన గాజు మీద చన్నీళ్లు పోయొద్దు. నీళ్లు ఏవి పోస్తారన్నది ముఖ్యం. మన బోరు నీళ్లు ఆరితే గాజు మీద తెల్లటి చారలు కడతాయి, గీకినా పోవు. నల్లా నీళ్లు వాడండి. మొన్న ఒకాయన ఆర్వో మిషన్ నుంచి వృథాగా పోయే నీళ్లు పట్టి ప్యానెళ్లు కడుగుతున్నానని గర్వంగా చెప్పారు. ఆ నీళ్లలో ఉండేది బోరు ఉప్పంతా కూడబెట్టిన ఉప్పు. మొక్కలకి కూడా మంచివి కావు. పావురాలు కింద గూళ్లు పెడతాయి, చుట్టూ జాలీ కొట్టించండి. సంక్రాంతికి పిల్లలు గాలిపటాల కోసం ప్యానెళ్ల మీదికెక్కుతారు. గాజు పగలకపోయినా లోపల సెల్ చిట్లుతుంది, కంటికి కనపడదు. ఈ పదిహేను రోజులూ మేడ తాళం దగ్గర పెట్టుకోండి.

టైమెంత? పదీ నలభై ఐదు. టేపు నా దగ్గరుంది. పదండి, పైకి వెళ్దాం. నేను గీసిన గీత పదిహేడు అడుగుల దగ్గరుంది, నీడ ఇప్పటికి పదిన్నర అడుగులకి వచ్చి ఉండాలి. ఎవరైనా రెండో గీత గీయండి. మళ్లీ పన్నెండింటికి ఒకసారి వచ్చి మూడోది గీస్తే, ఈ హాలు మీద ప్యానెళ్లు ఎక్కడ పెట్టకూడదో సెక్రటరీ గారికి ఇవాళే తెలిసిపోతుంది. మెట్లు నెమ్మదిగా ఎక్కండి, రెయిలింగ్ వదులుగా ఉంది.